ఆన్‌లైన్ ఎన్నికకు ముందు ఓటర్ల జాబితా

కోనసీమలోని గ్రామాభివృద్ధి సంఘాలు కార్యవర్గాన్ని ఆన్‌లైన్‌లో ఎన్నుకోవాలనుకుంటే, తమ నియమావళి అందుకు వీలిస్తుందో లేదో ముందుగా చూసుకోవాలి.

అసలు శ్రమంతా ఓటర్ల జాబితా దగ్గరే ఉంటుంది. ఒకే ఇంట్లోని ముగ్గురు సభ్యులకు ఒకే ఫోన్ నంబరు రాసి ఉంటే ఓటీపీలన్నీ ఒకరి చేతికే చేరి, ముగ్గురి ఓట్లూ ఆ ఒక్కరే వేసే వీలుంటుంది కాబట్టి, నామినేషన్లకు ముందే ప్రతి సభ్యుని నుంచీ విడిగా నంబరు గానీ ఈమెయిల్ గానీ తీసుకుని, జాబితాను అభ్యంతరాల కోసం అందరికీ పంపి, ఆ తర్వాతే ఖరారు చేయాలి. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ పనిచేసే మన సభ్యులు డ్యూటీ దిగాక ఓటు వేయగలిగేలా పోలింగును కనీసం ఒక పూర్తి రోజు తెరిచి ఉంచడం న్యాయం. ఈమెయిల్ చిరునామాలు సేకరించే గూగుల్ ఫారంలో ఎవరు ఎవరికి ఓటేశారో నిర్వాహకులకు కనిపిస్తుంది కనుక, రహస్య ఓటింగుకు అది తగదు.