నాట్లకు ముందు కాలి బొటనవేలు చూసుకోండి: గోరు మూల మాత్రం కొయ్యొద్దు

మిరుగం దాటి ఆరుద్ర కార్తె వచ్చిందంటే పొలాల్లో నాట్లు, బడి పిల్లలకు కొత్త బూట్లు, బొగ్గుగనుల్లో రోజంతా తడి బూట్లు. కాలి బొటనవేలికి ఏడాదిలో ఇంతకంటే గడ్డుకాలం లేదు. గోరు పక్కన కొంచెం నొప్పి అని వదిలేసిన మనిషికి చీము పట్టిందని, షుగర్ ఉన్నందుకు చివరికి వేలే తీసెయ్యాల్సి వచ్చిందని ఏ వానకాలమైనా ఏదో ఒక ఊరి నుంచి కబురు వస్తూనే ఉంటుంది. అలాంటి వేళ్ళలో చాలావాటి వెనుక ఒకటే పని ఉంటుంది. నొప్పి పెట్టినప్పుడు ఇంట్లో ఎవరో బ్లేడుతోనో, నెయిల్ కట్టర్ మొనతోనో గోరు మూలను లోపలికంటా కోశారు.

కాళ్ళు కడుక్కోవాలి, శుభ్రంగా ఉంచుకోవాలి అన్నవి అందరికీ తెలిసినవే. ఇక్కడ రాసేదంతా ఆ మూల గురించే.

మూల కోస్తే ఏమవుతుంది

"గా మూల కోసి పారెయ్యి, పోతది" అని చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. కోసిన రోజు నిజంగానే హాయిగా ఉంటుంది. కండను ఒత్తుతున్న అంచు పోయింది కాబట్టి రెండు మూడు రోజులు నొప్పి ఉండదు. ఆ హాయే మనిషిని మోసం చేస్తుంది.

గోరు పక్క అంచు చర్మం మడత కింద లోతుగా ఉంటుంది. పై నుంచి ఏటవాలుగా కోసినప్పుడు బ్లేడు ఆ లోతు దాకా పోదు. అది ఆగిన చోట గోరు తెగకుండా విరుగుతుంది. విరిగిన చోట నూకగింజంత ముల్లు మిగిలిపోతుంది. బయటికి కనబడదు, తడిమితే చేతికి తగలదు. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే రెండు మూడు వారాల్లో ఆ ముల్లు ముందుకు జరిగి నేరుగా కండలో దిగుతుంది. ఈలోపు ఇంకొకటి జరుగుతుంది. మూల లేకపోయేసరికి అడుగేసినప్పుడల్లా వేలి ముందు కండ ఆ ఖాళీలోకి పైకి ఉబ్బుతుంది. పెరిగే గోరుకు ఎదురుగా గోడ కట్టినట్టే. మళ్ళీ నొప్పి, మళ్ళీ కోత. ఈసారి ఇంకా లోతుగా కోస్తారు, ముల్లు ఇంకా లోపల మిగులుతుంది. మూడోసారికి చీము, ఎర్రగా తేలిన కండ, తాకితే నెత్తురు.

అందుకే నొప్పి పెట్టినా మూల కొయ్యొద్దు. సలుపు పెట్టి నిద్ర పట్టకున్నా కొయ్యొద్దు.

ఒక తేడా తెలుసుకోండి. గోరుచుట్టు వేరు, గోరు కండలోకి దిగడం వేరు. గోరుచుట్టులో గోరు మొదలు దగ్గరి చర్మం వాచి చీము పడుతుంది. ఇక్కడ గోరు అంచే ముల్లై గుచ్చుతుంది, నొప్పి పక్క మూలన ఒక్క చోట ఉంటుంది. గోరుచుట్టుకు చేసినట్టు నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడిగితే లోపలి ముల్లు కరగదు. పులుపు పుండును మండిస్తుంది, చర్మం నాని ఇంకా మెత్తబడుతుంది, ముల్లు ఇంకా సులువుగా దిగుతుంది.

ఇంటి వైద్యం ఎవరికి వద్దు

షుగర్ ఉన్నవాళ్ళు, కాళ్ళకు తిమ్మిర్లు ఉన్నవాళ్ళు, బీడీ సిగరెట్లు తాగుతూ కొంచెం దూరం నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపి దవాఖానకు పోండి. షుగర్‌తో నరాలు మొద్దుబారిన కాలికి నీళ్ళ వేడి తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. నెత్తురు సరిగా పారని కాలికి చిన్న గాయం కూడా మానదు.

కాలు మొద్దుబారిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. మనిషిని కళ్ళు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను మీ చూపుడువేలితో ఒక్కొక్కటిగా మెల్లగా తాకండి. ఒకటి రెండు సెకన్లు చాలు. నొక్కొద్దు, రుద్దొద్దు. ఆరింటిలో రెండు తెలియలేదంటే ఆ కాలికి స్పర్శ తగ్గినట్టే. అలాంటి కాలిని ఇంట్లో ఏమీ చెయ్యకూడదు.

మొదటి వారంలో చేసేది

ఎరుపు, కొంచెం వాపు, ఒత్తితే నొప్పి. చీము లేదు. ఈ దశలో ఇంట్లో తగ్గించుకోవచ్చు.

వెడల్పు టబ్బులో పాదం మునిగేటన్ని గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి. గోరువెచ్చన అన్న మాటలోనే కొలత ఉంది, అంతకు మించి వేడి వద్దు. మోచేయి పెట్టి చూసుకోండి. లీటరుకు ఒక చెంచా ఉప్పు వేసుకోవచ్చు, లేకున్నా నష్టం లేదు. పని చేసేది నీళ్ళ వెచ్చదనమే. పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు. అరగంట, గంట నానబెడితే చర్మం తెల్లగా పాచిపోతుంది, అది ఇంకో బాధ.

నానిన వెంటనే మెత్తని నూలుగుడ్డతో అద్ది, గోరు పక్కన ఉబ్బిన కండను వేలితో గోరు నుంచి దూరంగా, కిందికి మెల్లగా తొయ్యండి. పది పదిహేనుసార్లు. తర్వాత శుభ్రమైన దూదిని చిటికెలో పట్టుకుని, బియ్యపు గింజ మందాన పురి తిప్పండి. గోరు మూలను కొంచెం పైకి లేపి, ఆ దూదిని అంచు కిందికి జారనివ్వండి. రెండు మూడు మిల్లీమీటర్లు పోతే చాలు. గోరుకు, కండకు నడుమ పరుపులా ఉంటుంది, గోరు కండ పైనుంచి పెరగడానికి దారి దొరుకుతుంది. పొద్దున పెట్టిన దూది సాయంత్రం తీసి కొత్తది పెట్టాలి. తడిసిన దూదిని రోజుల తరబడి ఉంచితే అదే కుళ్ళి చీము పట్టిస్తుంది. లేపడానికి పిన్నీసు, సూది, చీపురుపుల్ల వాడొద్దు. మూల లేవకపోతే బలవంతం చెయ్యొద్దు, ఆ పూట దూది మానేసి టేపు వెయ్యండి.

మెడికల్ షాపులో దొరికే సాగే ప్లాస్టర్ టేపును వేలెడు వెడల్పున కత్తిరించండి. ఒక కొసను గోరు అంచుకు ఆనుకుని ఉన్న కండ మీద అంటించి, కండను గోరు నుంచి పక్కకు లాగి పట్టి, మిగతా టేపును వేలి అడుగు నుంచి ఏటవాలుగా తిప్పి అంటించాలి. వేలు చుట్టూ బిగించి కట్టడం కాదు. వేలు నల్లబడినా, చల్లబడినా వెంటనే విప్పెయ్యండి. చర్మం తడిగా ఉంటే టేపు నిలవదు, పూర్తిగా ఆరాకే వెయ్యాలి.

నొప్పికి పెద్దవాళ్ళు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల గోళీ వేసుకోవచ్చు. గోళీకి గోళీకి ఆరు గంటలు ఎడం, రోజుకు నాలుగు దాటొద్దు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మందు తాగేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. యాంటిబయోటిక్ గోళీలు మూడు రోజులకు కట్టించుకొచ్చి ఇక తగ్గినట్టే అనుకోవద్దు. ముల్లు లోపలే ఉంటే గోళీలు ఆపగానే చీము తిరిగి వస్తుంది.

ఇట్లా ఐదారు రోజులు చేస్తే నొప్పి తగ్గాలి. తగ్గకపోతే అదే పట్టుకుని ఇంకో వారం కూర్చోవద్దు, దవాఖానకు పోండి. ఆ అసహనంలోనే చాలామంది బ్లేడు పడతారు. బ్లేడు పట్టొద్దు. మూల కొయ్యొద్దు.

పొలం, బూట్లు

పుండు పచ్చిగా ఉన్న కాలుతో మడిలో దిగకపోవడమే మంచిది. బురదనీళ్ళలో పశువుల పేడ, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. పుండు దారిన లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం కూడా పట్టుకోవచ్చు. నాలుగు రోజులు గట్టు మీద పని అడగండి. పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసుకుంటే లోపలికి నీళ్ళు ఎట్లాగూ పోతాయి, పోయిన నీళ్ళు బయటికి రావు, బ్యాండు నెత్తురును ఆపుతుంది. పుండు లేని కాలికైతే దిగే ముందు వేళ్ళ సందుల్లో, గోరు చుట్టూ కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ దట్టంగా రాస్తే నీళ్ళు తొందరగా పట్టవు. ఎక్కిరాగానే కాలువ నీళ్ళతో కాదు, బోరు నీళ్ళతో, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే పీహెచ్‌సీలో అడిగి వేయించుకోండి.

పిల్లల బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పిల్లను పాత పేపరు మీద నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసి, ఆ పేపరు దుకాణానికి తీసుకుపోండి. బూటు అడుగు ఆ గీత కంటే సన్నగా ఉంటే ఎంత చవకైనా వద్దు. పొడవు వేలుకు, బూటు కొనకు నడుమ మీ చేతి బొటనవేలు వెడల్పంత జాగా ఉండాలి. ఎదిగే మగపిల్లల్లో ఈ బాధ మరీ ఎక్కువ, చెమట పట్టే పాదం, బిగుతు బూటు, ఆట తోడవుతాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడి వాళ్ళే బ్లేడుతో కోసుకుంటారు. పిల్లాడు కుంటుతుంటే సాక్సులు విప్పించి చూడండి. గనిలో ఇనుప ముట్టె బూట్లు వేసుకునేవాళ్ళు రెండో జత సాక్సులు వెంట పెట్టుకుని, తడిసినవి సగం షిఫ్టులో మార్చుకోండి.

ఇవి గుర్తుంచుకోండి

గోరు అడ్డంగా, నేరుగా కత్తిరించాలి. తెల్ల అంచు ఒక మిల్లీమీటరు మిగలాలి. రెండు మూలలు చర్మం పైన కంటికి కనబడాలి. పదునుగా అనిపిస్తే ఆకురాయితో నునుపు చెయ్యండి, కొయ్యొద్దు.

పార్లర్‌లో కూర్చునే ముందే చెప్పండి: మూలలు ముట్టుకోవద్దని.

నొప్పి ఉన్న వేలికి ఆషాఢం మైదాకు పెట్టొద్దు. ఎరుపు పాకుతున్నా రంగు కింద తెలియదు. గోళ్ళ రంగూ అంతే.

పాదం వాస్తుంటే మట్టెలు ముందే తీసెయ్యండి. ఆలస్యమైతే మట్టెలనే కొయ్యాల్సి వస్తుంది.

జిల్లేడు పాలు, నల్లజీడి, సున్నం, కిరోసిన్ వద్దు. కండ కాలిపోతుంది.

డెట్టాల్ నేరుగా పొయ్యొద్దు.

దురదకు వాడే ట్యూబు ఇంట్లో ఉందని రాయొద్దు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, చీము ఉన్నచోట అది చీమును ఇంకా పెరగనిస్తుంది.

చీము కనబడితే పిండొద్దు.

ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత పెట్టండి. పూటకోసారి చూడండి. గీత దాటితే అదే రోజు దవాఖాన.

చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళలు, వేలు నల్లబడటం, దుర్వాసన. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, రాత్రయినా సరే, బయలుదేరండి.

షుగర్ మనిషికి చీము చుక్క కనబడితే రేపటికి ఆపొద్దు.

నొప్పి లేకుండా గోరు కింద నల్లగీత కొత్తగా పడి వెడల్పవుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. చూపించండి.

తగ్గిందని, మళ్ళీ నొప్పి రాకుండా ముందుజాగ్రత్తగా మూల కోద్దామని అనుకోవద్దు. అన్నిటికంటే చెడ్డ కోత అదే.

డాక్టర్ దగ్గర షుగర్, నెత్తురు పలచబడే గోళీలు, పడని మందులు ముందే చెప్పండి. పీహెచ్‌సీలో కాకపోతే ఏరియా దవాఖానలో గానీ, వరంగల్ ఎంజీఎంలో గానీ సర్జరీ ఓపీలో చూపించుకోండి. వేలి మొదట్లో తిమ్మిరి సూది ఇచ్చి, గోరు పక్క ముక్క మాత్రం నిలువునా తీస్తారు. పదే పదే వచ్చే వేలికి ఆ ముక్క వేరు తిరిగి మొలవకుండా ఫినాల్ అనే మందు అద్దుతారు. మొత్తం గోరు పీకితే అయిపోతుందని మీరే అడగొద్దు. వేరు ఉన్నంతకాలం గోరు మళ్ళీ వస్తుంది, పూర్తిగా రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, ఈసారి ఇంకా మందంగా, వంకరగా రావచ్చు. "పక్క ముక్క తీస్తే సరిపోతుందా, వేరుకు మందు పెడతారా" అని అడగండి.

ఫినాల్ పెట్టిన వేలికి రసి కారడం మామూలే. మానడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రసి పూర్తిగా ఆగి, పైన పొర కట్టేదాకా మడిలో దిగొద్దు. నాట్లు మొదలు కాకముందే చూపించుకొమ్మనేది అందుకే.