తమ్ముడి జబ్బు, నా బీపీ

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. అమ్మ పోయాక వాడి బాధ్యత నాదే. రాత్రంతా వాడు గదిలో పచార్లు చేస్తూ ఎవరితోనో మాట్లాడుతుంటే నాకూ కంటిమీద కునుకు పట్టేది కాదు. మెడ పట్టేసేది, పొద్దున్నే తల దిమ్ముగా ఉండేది. చివరికి చూపించుకుంటే బీపీ 160/100.

బీపీ మాత్ర మొదలుపెట్టారు గానీ, దాంతోపాటు నాకు నిద్ర కూడా కావాలి. అది దొరికింది తమ్ముడి వైద్యం మారాక. రోజూ వాడి మాత్ర దగ్గర మాకు పెద్ద పేచీ. నాలుక కింద దాచుకుని, నేను అటు తిరగ్గానే పెరట్లో ఉమ్మేసేవాడు. ఈ సంగతి చెబితే సైకియాట్రిస్టు నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉందన్నారు. వాడితోనూ మాట్లాడి ఒప్పించారు. మెల్లగా వాడి రాత్రులు కుదుటపడ్డాయి, నావీ. అందరికీ ఇదే పనికొస్తుందని కాదు, డాక్టరే తేల్చాలి.

చిన్నాన్న కొడుకుని కూడా సాయం అడిగాను. శని, ఆదివారాలు రాత్రి వాడే తమ్ముడికి తోడు పడుకుంటాడు. ఇంట్లో ఇలాంటి భారం మోస్తున్న అక్కచెల్లెళ్లూ, మొహమాటపడకండి, నోరు తెరిచి అడగండి!

తమ్ముడి ఇంజెక్షన్ రోజునే నా బీపీ కూడా చూపించుకుంటున్నాను. మనసు మరీ కుంగినప్పుడు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడారు. "మీరు సరిగా తింటున్నారా?" అని అడిగితే ఏడుపొచ్చేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా ఉంది కాబట్టి, వాడికి సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాం.