కోడింగ్ ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలి? కొబ్బరి ధరలతో ఒక ప్రాక్టీసు

కాకినాడైనా, భీమవరమైనా ప్లేస్‌మెంట్ల సీజన్ రాగానే కాలేజీల్లో కనిపించేది ఒకటే: వందల ప్రాబ్లమ్స్‌కి ఆన్సర్లు బట్టీ పట్టడం. ఆన్‌లైన్ టెస్టు దాటడానికి అది కొంత పనికొస్తుంది. ఎదురుగా మనిషి కూర్చునే రౌండులో చూసేవి వేరు. ప్రశ్న సరిగ్గా అర్థమైందా, ఆలోచన పైకి చెప్పగలరా, తప్పు చేస్తే మీరే పట్టుకోగలరా? దీన్ని ఇంట్లోనే సాధన చేయొచ్చు.

అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కొబ్బరికాయల ధర వరసగా నాలుగు రోజులది ఇచ్చారనుకోండి: 16,000, 12,500, 13,200, 15,100. ఒక రోజు కొని, తర్వాత ఇంకో రోజు అమ్మితే వచ్చే గరిష్ఠ లాభం ఎంత?

వెంటనే కోడ్ మొదలుపెట్టకండి. ముందు అడగండి. ధరలు రోజూ పడిపోతూ ఉంటే జవాబు సున్నా ఇవ్వాలా, నష్టం చూపాలా? ఒక్క రోజు ధరే ఉంటే? చాలాసార్లు ప్రశ్నని కావాలనే అసంపూర్తిగా ఇస్తారు. అడిగితే చులకనైపోతామని మనవాళ్లకి ఒక భయం. నిజానికి సొంతంగా ఏదో ఊహించుకుని రాసేసేవాళ్లే దెబ్బతింటారు.

తర్వాత చేత్తో లెక్క కట్టండి. చాలామంది పెద్ద ధరలోంచి చిన్న ధర తీసేసి 3,500 అంటారు. కానీ 16,000 మొదటి రోజు ధర. రెండో రోజు కొన్న కాయల్ని నిన్నటి ధరకి ఎవరు కొంటారు? సరైన జవాబు 2,600. ఈ ఉచ్చు కోడ్ రాయకముందే దొరికిందంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు బ్రూట్ ఫోర్స్ పద్ధతి చెప్పండి: ప్రతి రోజునీ దాని తర్వాతి రోజులన్నిటితో పోల్చడం. లక్ష రోజుల ధరలిస్తే సుమారు 500 కోట్ల పోలికలు. (లక్ష రోజులంటే 273 ఏళ్లు, అంత వెనక్కి వెళ్తే 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు. ఇంటర్వ్యూ లెక్కలు అలాగే ఉంటాయి.) దాని బదులు ఇప్పటిదాకా చూసిన కనిష్ఠ ధరని గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి. ఏ రోజుకారోజు ధరలోంచి దాన్ని తీసి, పెద్ద తేడాని దాచుకుంటే ఒక్క లూప్‌తో, అంటే ధరల్ని ఒక్కసారి వరసగా చూస్తే, అయిపోతుంది.

ఇదంతా నోటితో చెప్పాలి. ఒక ఫ్రెండుని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదట తెలుగులోనే చెప్పండి. ఇంగ్లీషు టెన్షన్ అనుకునేది చాలామందిలో ఆలోచన తెగిపోవడమే. అది కుదురుకున్నాక అదే మాటని ఇంగ్లీషులో చెప్పడం అంత కష్టం కాదు. మీరు మౌనంగా ఉంటే ఎక్కడ ఆగిపోయారో అవతలివాళ్లకి తెలియదు, హింట్ ఇవ్వలేరు. హింట్ ఇస్తే పరువు పోయిందనుకోకండి, దాన్ని అందుకుని ముందుకెళ్లడం కూడా పరీక్షలో భాగమే.

రాశాక "అయిపోయింది సార్" అనకుండా ఖాళీ లిస్టు, ఒకే ధర, పడిపోయే ధరలు పెట్టి లైను లైనుగా నడిపి చూడండి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే (వరసలో ఉన్న లిస్టుని సగం సగం చేస్తూ వెతికే పద్ధతి) ఏళ్ల తరబడి బగ్ ఉండిపోయిందని 2006లో దాన్ని రాసిన జోషువా బ్లాక్ బయటపెట్టారు. రెండు ఇండెక్సుల (లిస్టులో స్థానాల నంబర్లు) మొత్తం, ఆ రకం సంఖ్యకి హద్దయిన సుమారు 214 కోట్లు దాటితే అది నెగెటివ్ అయిపోయేది.

ఇక విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటి పజిళ్లంటారా, అవి టైమ్ వేస్టని గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ స్వయంగా 2013లో అన్నారు. ఆ పుస్తకాలు పక్కన పెట్టేయండి.