స్క్రోల్ సాతో తెలుగు అక్షరాల నేమ్ బోర్డు కోయడం ఎలా?

గుమ్మం పక్కన "అమ్మ" అనో, పిల్లల గది తలుపు మీద వాళ్ల పేరో చెక్కతో సొంతంగా చేసి పెట్టుకోవాలనుకుంటే దానికి స్క్రోల్ సా కంటే మంచి మెషిన్ లేదు. చూడటానికి కుట్టుమిషన్‌లా ఉంటుంది, సన్నటి బ్లేడు ఉన్నచోటే పైకీ కిందకీ ఆడుతుంటుంది, చెక్కను మనమే తిప్పుకుంటూ పోవాలి. తెలుగు అక్షరాలన్నీ వంపులే, ఈ మెషిన్ ఉన్నదే వంపుల కోసం.

కొనేటప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి: పిన్ (బ్లేడు చివర అడ్డంగా ఉండే చిన్న పుల్ల) లేని బ్లేడు పట్టే క్లాంపులు ఉన్నాయా? చవకగా వచ్చేవాటిలో కొన్నింటికి పిన్ ఉన్న బ్లేడే పడుతుంది. అక్షరం లోపలి ఖాళీ కోయాలంటే బ్లేడును రంధ్రంలోంచి దూర్చాలి కదా, ఆ పిన్ దూరాలంటే చెక్కకు దాదాపు 5 మి.మీ. రంధ్రం కావాలి, 'మ' కడుపులో ఉండే చిన్న ఖాళీలో అంత రంధ్రం వేస్తే అక్షరం పాడవుతుంది. పిన్ లేనిదానికి 1.5 మి.మీ. డ్రిల్ బిట్ సరిపోతుంది. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి, అక్కడి మెషిన్లు 120 వోల్టులవి, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

ఇక అక్షరాలు. నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది. కాస్త లావుగా ఉండే ఫాంట్‌లో, అక్షరం మూడు అంగుళాల ఎత్తు వచ్చేలా పేరు టైప్ చేసి, ప్రింట్ తీసే ముందు జాగ్రత్తగా చూడండి. 'ప', 'స', 'హ'లకు తలకట్టు చాలా ఫాంట్లలో విడిగా ఉంటుంది. 'మ్మ'లో కింది ఒత్తు పై అక్షరానికి తగలదు. 'ఠ', 'థ' మధ్యలో చుక్క ఒంటరిగా ఉంటుంది. కాగితం మీద ఇవన్నీ బాగానే కనిపిస్తాయి కానీ కోసి పైకెత్తగానే రాలిపోతాయి. అందుకే ఒత్తును పైకి జరిపి, తలకట్టును కిందకి దించి, కనీసం 4 మి.మీ. వెడల్పున అక్షరానికి అతుక్కునేలా సరిచేయండి. చుక్కకు పక్క నుంచి చిన్న వంతెన గీస్తే చాలు. అక్షరానికి అక్షరం కూడా ఆనించారంటే పేరంతా ఒకే ముక్కగా వస్తుంది.

చెక్క విషయానికొస్తే మొదటిసారికి 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి. సన్నటిదైతే తేలిక అనుకుంటారు గానీ, అందులో బ్లేడు మరీ వేగంగా దూసుకుపోయి చేతికి చిక్కదు. 12 మి.మీ.కు 5వ నంబరు బ్లేడు, వీలైతే కింది పళ్లు పైకి తిరిగి ఉండే రివర్స్ టూత్ రకం తీసుకోండి, అడుగు వైపు పెచ్చులు లేవవు. ప్లైవుడ్‌లో ఉండే జిగురు వల్ల బ్లేడ్లు త్వరగా మొద్దుబారతాయి కాబట్టి డజను దగ్గర పెట్టుకోండి. ముందు చెక్క మీద మాస్కింగ్ టేపు పరిచి, దాని మీద గ్లూ స్టిక్‌తో కాగితం అంటించి, పైన పారదర్శక ప్యాకింగ్ టేపు వేయండి. ఆ పై టేపు వల్ల బ్లేడు సాఫీగా జారుతుంది, చెక్క అంచులు మాడవు.

బ్లేడు పళ్లు ముందుకీ కిందకీ చూసేలా బిగించి, వీణ తీగలా వేలితో మీటండి. బొంగురుగా కాకుండా ఖంగుమని మోగాలి. వదులుగా ఉంటే వంపుల్లో బ్లేడు వంగి, పైన ఒక గీత, కింద ఇంకో గీత కోస్తుంది. తర్వాత ఓ పనికిరాని ముక్కకు చిన్న గాటు పెట్టి, మెషిన్ ఆపి, ముక్కను వెనక్కి తిప్పి ఆ గాటును బ్లేడు వెనక నుంచి ఆనించండి. బ్లేడు అందులోకి సులువుగా దూరితే మెషిన్ బల్ల బ్లేడుకు లంబంగా ఉన్నట్టే.

మొదటి రోజు పేరు జోలికి వెళ్లకండి. పాత ముక్కల మీద తిన్నటి గీతలు, అలలు గీసి కోయండి. తిన్నగా తోస్తున్నా బ్లేడు కాస్త పక్కకు లాగుతుంది, తయారీలో దాని ఒక అంచున మిగిలే బుర్రు (సన్నటి గరుకు) వల్ల అలా జరుగుతుంది, మీ చేతి తప్పు కాదు. చెక్కను కొద్దిగా ఏటవాలుగా పట్టుకుంటే సరిపోతుంది, గంటలో చేతికి అలవాటైపోతుంది.

ఎప్పుడూ లోపలి ఖాళీలే ముందు కోయాలి. నా మొదటి బోర్డుకు బయటి గీత ముందు కోసేశాను, తర్వాత 'అ' లోపలి ఖాళీ కోస్తుంటే పట్టుకోవడానికి చుట్టూ చెక్క లేక, సన్నటి చోట టప్పున విరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ప్రతి ఖాళీలోనూ గీతకు కాస్త దూరంగా రంధ్రం వేసుకోండి. స్విచ్ ఆపి, పై క్లాంపు వదులు చేసి, బ్లేడును అందులోంచి పైకి తెచ్చి, మళ్లీ బిగించి, మళ్లీ మీటి చూడండి. ఇక నెమ్మదిగా తోయడమే. నిజానికి తోయడం కూడా కాదు, బ్లేడు తినేంత అందించాలి అంతే. మూల వచ్చినప్పుడు ముందుకు నొక్కడం ఆపి, బ్లేడు ఆడుతుండగానే చెక్కను అక్కడికక్కడే గిర్రున తిప్పండి. బలం పెట్టాల్సి వస్తోందన్నా, మాడు వాసన వస్తోందన్నా బ్లేడు అయిపోయినట్టు, మార్చేయండి.

వేళ్లు బ్లేడుకు ఎదురుగా కాకుండా రెండు పక్కలా ఉండాలి. చెక్కను బల్లకు అదిమి పట్టుకోండి, లేకపోతే బ్లేడు దాన్ని ఎత్తి టకటకా కొడుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు, మాస్కు తప్పనిసరి, ఆ పొట్టు చాలా మెత్తటిది. చున్నీ, వదులు చేతుల చొక్కా వేసుకుని కూర్చోవద్దు.

చివరగా బయటి గీత కోసి, టేపులన్నీ ఒక్కసారే లాగేయండి. 120 నంబరు సాండ్‌పేపర్‌తో, ఆ తర్వాత 220తో రుద్దండి. లోపలి వంపుల్లోకి దాన్ని సన్నగా చుట్టి దూర్చాలి. పొట్టు తుడిచి అవిసె నూనె, అదే లిన్సీడ్ ఆయిల్, పల్చగా రెండు పూతలు వేస్తే రంగు ముదిరి అందంగా వస్తుంది. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట పరిచి, పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే పారేయండి.