రాతి మీద ఏథెన్స్ లెక్కలు – 3వ పాఠం: ధరల వరుస చదవడం

పోయిన పాఠంలో ప్రాచీన గ్రీసు నగరం ఏథెన్స్ డబ్బు కొలతలు చూశాం: 6 ఓబోల్‌లు ఒక డ్రాక్మా, 100 డ్రాక్మాలు ఒక మీనా, 60 మీనాలు ఒక టాలెంట్. కాణీ, అణా, రూపాయి లెక్కలు పెద్దవాళ్ల నోట విన్నవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. ఈసారి ఆ మొత్తాలను రాతి మీద ఎలా చెక్కేవారో చూద్దాం.

గుర్తులు కొన్నే. అంకె పేరులోని మొదటి అక్షరమే దాని గుర్తు. ఐదు ‘పెంటె’ కాబట్టి లెక్కల పుస్తకాల్లో కనిపించే ‘పై’ ఆకారం. రాతి మీద దాని కుడికాలు పొట్టిగా ఉంటుంది. పది ‘డెకా’, దానికి త్రిభుజం. వంద ‘హెకటాన్’, దానికి ఇంగ్లీషు హెచ్ ఆకారం. ఐదు గుర్తు లోపల చిన్న త్రిభుజం ఉంటే 50, చిన్న హెచ్ ఉంటే 500. సున్నా లేదు, స్థానాల లెక్కా లేదు. పెద్ద గుర్తు నుంచి చిన్నదాకా కూడుకుంటూ పోవడమే.

కొత్తవాళ్లు తప్పు చదివేది ఒకట్ల దగ్గర. ధరల్లో వట్టి నిలువు గీత ఓబోల్. డ్రాక్మా అయితే ఆ గీతకు మధ్యలో కుడివైపు చిన్న అడ్డగీత ఉంటుంది. అది చూడకపోతే ఆ గీత విలువ ఆరో వంతుకు పడిపోతుంది!

ఇక శాసనం. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రకు నౌకలు బయలుదేరే ముందు, ఏథెన్స్ వీధుల్లోని హెర్మీస్ దేవుడి విగ్రహాలను ఎవరో రాత్రికి రాత్రి పగలగొట్టారు. విచారణలో, ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్ ఊళ్లో జరిగే రహస్య పూజలను కొందరు ఇళ్లలో వెక్కిరించారన్న ఆరోపణలూ బయటికొచ్చాయి. దోషులుగా తేలినవాళ్ల ఆస్తి జప్తుచేసి వేలం వేశారు, ఆ జాబితాను రాళ్ల మీద చెక్కించారు. అందులో పిరయస్ రేవులో ఉండే కెఫిసోడోరస్ ఆస్తి కూడా ఉంది. అతను పౌరుడు కాదు, ఏథెన్స్‌లో స్థిరపడిన పరాయి ఊరివాడు. అతని ఆస్తిలో బానిసలున్నారు. వాళ్ల పేర్లు లేవు. ఏ దేశంవాళ్లో రాసి, పక్కన ధర చెక్కారు.

ఒక వరుస చదువుదాం: హెచ్, త్రిభుజం ఉన్న పై, త్రిభుజం, ఖాళీ పై. అంటే 100, 50, 10, 5. థ్రేస్ స్త్రీ, 165 డ్రాక్మాలు.

ఇంకొకటి: త్రిభుజం ఉన్న పై, రెండు త్రిభుజాలు, రెండు డ్రాక్మా గీతలు. మొత్తం 72. ఇది కారియా దేశపు పసివాడి ధర. అంకె చదవడం వచ్చాక ఈ వరుసను దాటి ముందుకెళ్లడం నాకైతే తేలిక కాదు.

ధర ఎంత పెద్దదో తెలియాలంటే కూలీతో పోల్చాలి. కొద్ది ఏళ్లకే, ఎరెక్థియాన్ గుడి కట్టిన లెక్కల్లో పనివాడి రోజుకూలీ మామూలుగా ఒక డ్రాక్మా. పౌరుడికీ, పరాయివాడికీ, బానిసకూ ఒకటే రేటు. బానిస కూలీ యజమానికే చేరి ఉంటుందని చరిత్రకారుల అంచనా. అలా చూస్తే 165 డ్రాక్మాలంటే అయిదున్నర నెలల పని.

అభ్యాసం:
1. సిరియా మనిషి: మూడు హెచ్‌లు, ఒక డ్రాక్మా గీత. ధరెంత? ఎన్ని నెలల కూలీ?
2. లిడియా స్త్రీ: త్రిభుజం ఉన్న పై, మూడు త్రిభుజాలు, ఖాళీ పై. ధరెంత?
3. 240 డ్రాక్మాల వరుసను మీరే గీయండి.

జవాబులు వచ్చే పాఠంలో. అప్పుడు అదే వేలంలో పోయిన, సిసిలీ దండయాత్ర సేనానుల్లో ఒకడైన ఆల్కిబియడీస్ ఇంటి సామాను, మిలేటస్ నగరపు పనితనపు మంచాలతో సహా, చదువుదాం.