ఉర్ఫ్ పాఠాలు – 3: ఆనవాయితీకి జల్లెడ

‘అల్ ఆదతు ముహక్కమా’, అంటే ఆచారమే తీర్పరి అన్న సూత్రం పోయిన పాఠంలో చూశాం. అయితే ఊళ్లో నలుగురూ చేసేదల్లా ఉర్ఫ్, అంటే షరియత్ లెక్కలోకి తీసుకునే ఆనవాయితీ, కాదు. ఈసారి సున్నీ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో ఒక లెక్క చేద్దాం.

నిఖాలో మహర్, అంటే భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము, లక్ష రూపాయలని రాశారు. భార్య ఇప్పుడే ఇమ్మంటోంది. ఎంత ఇవ్వాలి?

ముందు కాగితం చూడండి. ‘ముఅజ్జల్’ అని ఉంటే ఉర్దూ అక్షరాలు పట్టి చూడాలి. ‘ఐన్’తో రాస్తే వెంటనే ఇవ్వాల్సింది, ‘హమ్జా’తో రాస్తే వాయిదాది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. పప్పులో కాలేసేది ఇక్కడే. కాగితంలో గడువు తేల్చి ఉంటే ఆనవాయితీతో పనే లేదు, రాసిందే చెల్లుతుంది.

ఏమీ రాయకపోతేనే ఉర్ఫ్ వైపు చూడాలి. ఆ ఊళ్లో, ఆ అంతస్తు కుటుంబాల్లో సగం అప్పటికప్పుడు ఇస్తారనుకుందాం. అప్పుడు 50,000 వెంటనే ఇవ్వాలి. మిగతాది విడాకులైనప్పుడో, ఇద్దరిలో ఒకరు పోయినప్పుడో. ఆ 50,000 చేతికందేదాకా కాపురానికి రానని ఆమె అనవచ్చు.

ఆ ‘సగం’ నిలుస్తుందా అన్నదే అసలు పని. ఉస్మానియా (ఒట్టోమన్ తుర్కీ) సామ్రాజ్యపు పౌర చట్టమైన మజల్లా (1869–76) 41వ అధికరణం ప్రకారం ఆచారం ఎడతెగకుండానో, ఎక్కువమందిలోనో సాగుతుండాలి. పదిళ్లలో ఐదిళ్లు ఒకలా, ఐదిళ్లు ఇంకోలా చేస్తే అది ఉర్ఫ్ కాదు. పైగా అది నిఖా నాటికే ఉండాలి. 2010లో జరిగిన నిఖాకు 2018లో మొదలైన ఆనవాయితీ పనికిరాదు. సాక్షులను ‘ఇక్కడ ఎలా ఇస్తారు?’ అని కాదు, ‘అప్పట్లో ఎలా ఇచ్చేవారు?’ అని అడగండి.

అన్నిటికన్నా సన్న జల్లెడ నస్, అంటే ఖుర్ఆన్, హదీసుల్లోని స్పష్టమైన మూలవాక్యం. ‘మా వైపు ఆడపిల్లకు ఇంట్లో వాటా ఇవ్వరు’ అన్నది ఎన్ని తరాలు సాగినా ఇక్కడ నిలవదు. ఖుర్ఆన్ 4:11 కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు అని తేల్చేసింది. మన దేశంలో 1937 షరియత్ చట్టం కూడా ఇలాంటి ఆచారాన్ని పక్కన పెట్టింది. మూల చట్టంలో వ్యవసాయ భూమికి ఇచ్చిన మినహాయింపు వేరే కథ.

అలాగని నస్‌లో ఉన్న ప్రతి మాటా ఉర్ఫ్‌ను కొట్టేయదు. ‘మాంసం తినను’ అని ఒట్టేసినవాడు చేప తిన్నాడు. ఖుర్ఆన్ 16:14 చేపను తాజా మాంసమనే అంటుంది. అయినా హనఫీల లెక్కలో ఒట్టు తప్పలేదు, ఎందుకంటే ఒట్టులోని మాటకు జనం వాడుకలోని అర్థమే తీసుకుంటారు.

అభ్యాసం: అదే మనిషి ‘నీచు ముట్టను’ అని తెలుగులో ఒట్టేసి చేపల పులుసు తింటే?