పోయిన జాడీ గ్లేజు పాళ్లు మళ్లీ పట్టుకోవడం ఎలా

మాది చీపురుపల్లి దగ్గర. మా చిన్నతాత ఊరగాయ జాడీలకు వేసిన తేనెరంగు గ్లేజు, అంటే కాల్చాక గాజులా మెరిసే పూత, మళ్లీ చేద్దామని రెండేళ్లుగా తిరుగుతున్నాను, అందుకే చెప్తున్నా: పాత నోట్‌బుక్ కోసం అటక ఎక్కే ముందు పగిలిన పెంకు ఒకటి వెలుగులో పెట్టి చూడండి.

బయట నారింజ తొక్కలా సన్నని గుంటలుండి, లోపల నున్నగా వేరే రంగుంటే అది ఉప్పు గ్లేజు కావచ్చు. బట్టీ 1200 డిగ్రీలు దాటాక అందులో ఉప్పు వేస్తారు, ఆ ఆవిరిలోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొరలా అంటుకుంటుంది. అలాంటప్పుడు బయటి పూతకు పాళ్లంటూ ఉండవు, వెతకాల్సింది లోపలి పూత కోసమే.

మా జాడీకి గుంటల్లేవు. నోట్‌బుక్ కూడా దొరికింది, అందులో ఉన్నది ఇంతే: బూడిద 2 సోలలు, తెల్లరాయి పొడి తవ్వ, బంకమట్టి గిద్దెడు. ఇక్కడే నేను మోసపోయాను. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ అని లెక్కకట్టి అవే పాళ్లను గ్రాముల్లో తూచేశాను, గ్లేజంతా కారిపోయి, పూత పరీక్షకు చేసిన మట్టి పలకలు బట్టీ లోపలి అరకి అతుక్కుపోయాయి. సోలెడు బూడిద, సోలెడు రాతిపొడి ఒకే బరువుండవు కదా! ఇంట్లో పాత సోల ఉంటే దానితోనే, జల్లించిన బూడిద నింపి, అదమకుండా పుల్లతో పైన గీసి తూచండి, తర్వాత రాతిపొడి కూడా అలాగే. ఆ బరువులే మీ అసలు పాళ్లు.

ఏ బూడిదో కూడా తేలాలి. ఊక బూడిదలో ఎక్కువగా ఉండేది సిలికా, ఒంటరిగా కరగదు. కట్టెల బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి, అవే గ్లేజును కరిగిస్తాయి. మా చిన్న నానమ్మని అడిగితే "సరుగుడు కట్టెలేరా, ఇంకేటి" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఆరు నెలలు కలిసొచ్చాయి, పెద్దవాళ్లుండగానే అడిగేయండి.

"తెల్లరాయి" అంటే ఏదైనా కావచ్చు. పొడి మీద నిమ్మరసం పిండితే నురగొస్తే సున్నపురాయి. నురగ రాకపోతే చిటికెడు పెంకు మీద పెట్టి 1280 డిగ్రీల దగ్గర కాల్చండి, పాలగాజులా కరిగితే ఫెల్‌స్పార్ అనే ఖనిజం, పొడిగానే మిగిలితే పలుగురాయి.

ఇక పలకలు. ఒక కొసన బూడిద 70 పాళ్లు రాయి 30, రెండో కొసన 30, 70, మధ్యలో పదేసి మారుస్తూ ఐదు చేసి, ఎంత కారుతుందో తెలిసేలా నిలబెట్టి కాల్చండి. వెనక నంబరు కావితో రాయండి, పెన్ను రాత మంటలో పోతుంది. రంగు చాలకపోతే ఇనుము, మాంగనీసు విడివిడిగా చూడండి. మాంగనీసు మన గరివిడి వైపు రాయే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, కాలేటప్పుడు ఆ పొగ పీల్చకూడదు, పొడులు కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి.

రంగు కలిసినా వెంటనే ఆవకాయ పెట్టేయకండి. పలక సగం వెనిగర్‌లో మూడు రోజులు ముంచి చూడండి, మునిగినచోట మెరుపు తగ్గినా రంగు మారినా ఆ గ్లేజు పులుపుకి పనికిరాదు. సీసం మాత్రం కంటికి కనిపించదు, పాత జాడీ అయినా కొత్తదైనా దానికి ల్యాబ్ టెస్టే.